మీ ప్రశ్న, నా జవాబు: నోట్లో నానే మాటలు

ఈ నెల అంశంగా "మీకిష్టమైన సామెత లేదా సూక్తి మీ పనినీ బతుకునూ ఎలా మార్చింది?" అని అడిగాం. మెచ్చుకోలు ఉత్తరాలు వస్తాయనుకున్నాను. సగానికి పైగా చిక్కుముళ్లే వచ్చాయి. ఇష్టమైన మాటే కాళ్లకు అడ్డం పడుతోందని రాశారు చాలామంది. అందుకే పొగడ్తలన్నీ పక్కన పెట్టి, చిక్కులనే తీసుకున్నాను. ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్, ఆఫీసులో నా టేబుల్ మీద "కర్మణ్యేవాధికారస్తే మా ఫలేషు కదాచన" అని ఫ్రేము కట్టించి పెట్టుకున్నాను. ఏళ్లుగా ఒకే హోదాలో ఉన్నాను. నా తర్వాత చేరినవాళ్లు నా పైఅధికారులయ్యారు. ఫలితం ఆశించకూడదు కదా అని నేనెప్పుడూ నోరు తెరిచి అడగలేదు. ఆ ఫ్రేము తీసి అవతల పారేయమంటోంది నా భార్య. తీసేయమంటారా?

తీయకండి. కాకపోతే మీ ఫ్రేములో సగమే ఉంది, మిగతా సగం కూడా రాయించండి. గీత రెండో అధ్యాయం 47వ శ్లోకం అది. మీరు రాసింది మొదటి రెండు పాదాలు. తర్వాత "మా కర్మఫలహేతుర్భూః" అని, చివర "మా తే సంగోఽస్త్వకర్మణి" అని ఉంది. పని చేయకుండా ఊరుకోవడం మీద కూడా నీకు మమకారం వద్దు అని ఆ నాలుగో పాదం చెబుతోంది. దాన్ని మనం ఎందుకో వదిలేస్తాం.

ఆ మాట విన్నది ఎవరో గుర్తు తెచ్చుకోండి. విల్లు కింద పడేసి, నావల్ల కాదని కూలబడినవాడు. అతన్ని లేపడానికి చెప్పిన మాట అది. అదే మాట పట్టుకుని మీరు కూర్చుండిపోయారు.

ప్రమోషన్ అడగడం కూడా ఒక పనే అండీ. అడగడం మీ చేతిలో ఉంది. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం వాళ్ల చేతిలో ఉంది. ఆ శ్లోకం సరిగ్గా ఇక్కడ పనికొస్తుంది. వాళ్లు ఏమంటారో అన్న టెన్షన్ పక్కన పెట్టి, అడగాల్సిన తీరులో అడగండి. గడిచిన ఏడాదిలో మీరు ఏమేం పూర్తి చేశారు, వాటిలో మీరు లేకపోతే ఆగిపోయేవి ఏవి, ఒక కాగితం మీద రాసుకోండి. కారిడార్‌లో ఎదురైనప్పుడు కాకుండా, ముందే టైమ్ అడిగి కూర్చుని మాట్లాడండి. ఇప్పుడు కుదరదంటే "ఏం చేస్తే కుదురుతుంది, మళ్లీ ఎప్పుడు మాట్లాడుకుందాం" అని అడిగి రండి. అడగనిదే అమ్మయినా పెట్టదన్న మాటను కూడా ఆ ఫ్రేము పక్కన పెట్టుకోవచ్చు, రెండింటికీ పేచీ లేదు.

ఒక మాట మనకు మేలు చేస్తోందో కీడు చేస్తోందో తేల్చుకోవడానికి నేను చూసేది ఒక్కటే. అది పనికి ముందు నోట్లోకి వస్తోందా, పని తప్పించుకున్నాక వస్తోందా? ముందు వస్తే అది మనల్ని నడిపిస్తోంది. తర్వాతే వస్తోందంటే సంజాయిషీ కింద వాడుకుంటున్నామన్నమాట. మీ ఉత్తరం మళ్లీ చదువుకోండి. ఆ శ్లోకం మీకు ఏ పూట గుర్తొస్తోంది? ప్రమోషన్ల లిస్టు వచ్చిన పూట.

ప్రశ్న: అమ్మా, పిల్లలు స్థిరపడ్డారు. ఇప్పుడైనా నాకంటూ ఒక పని ఉండాలని అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరాను. క్లాసులో అందరూ నా పిల్లల వయసువాళ్లే. వాళ్లకు ఒకసారి చెబితే వచ్చేస్తోంది, నాకు మూడుసార్లు చెప్పినా ఎక్కట్లేదు. ఇంట్లో నవ్వుతూనే "మొక్కై వంగనిది మానై వంగునా" అంటారు. ఈ మధ్య ఆ మాట నా నోట్లోంచే వస్తోంది. మానేయాలనుంది.

మానేయొద్దు తల్లీ. ముందు ఆ సామెత ఎవరికి చెప్పిందో చూడండి. పిల్లల్ని పెంచే పెద్దలకు చేసిన హెచ్చరిక అది, బుద్ధులు చిన్నప్పుడే నేర్పండి అని. నేర్చుకుంటానని తనంతట తాను వచ్చిన మనిషి ముందు దాన్ని తెచ్చి పెట్టడం అన్యాయం. మీరు ఎవరో వంచితే వంగుతున్నవారు కాదు కదా.

లండన్ నగరంలో టాక్సీ నడిపే లైసెన్సుకు ఒక పరీక్ష ఉంది. నగరం నడిబొడ్డులోని దాదాపు 25,000 వీధులు, వాటి మధ్య దారులు నోటికి రావాలి. మూడు నాలుగేళ్లు తిరిగి తిరిగి నేర్చుకుంటారు. అలా నేర్చుకుంటున్న వాళ్ల మెదడును శిక్షణకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి స్కాన్ చేసి చూసిన పరిశోధన 2011లో వెలువడింది. పరీక్ష పాసైనవాళ్లలో, దారులు గుర్తుపెట్టుకోవడానికి పనికొచ్చే హిప్పోకాంపస్ వెనక భాగం పెరిగింది. పాస్ కానివాళ్లలో, అసలు ఆ శిక్షణే తీసుకోనివాళ్లలో ఆ మార్పు కనిపించలేదు. వాళ్లెవరూ చిన్నపిల్లలు కారు, పెద్దయ్యాక చేరినవాళ్లే. మాను కూడా వంగుతుందని ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి?

మీ నోట్లో ఆ సామెత ఉన్నచోట వేమన పద్యం పెట్టుకోండి. "అనగననగ రాగమతిశయిల్లుచునుండు, తినగ తినగ వేము తియ్యనుండు, సాధనమున పనులు సమకూరు ధరలోన." అందులో వయసు ప్రస్తావనే లేదు, సాధన ప్రస్తావనే ఉంది. సాధన ఎలా చేయాలో కూడా చెబుతాను. ఈ రోజు క్లాసులో చెప్పిన ఎంట్రీని ఇంటికి వచ్చాక నోట్సు మూసేసి ఒకసారి చేయండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ మాత్రమే నోట్సు తెరవండి. మర్నాడు మళ్లీ అదే ఎంట్రీ, మూడు రోజులాగి ఇంకోసారి. ఒకే రోజు పదిసార్లు చూసిందానికంటే ఇలా ఎడం ఇచ్చి చేసిందే నిలుస్తుంది. పక్కసీటు కుర్రాడికి ఒకసారితో వచ్చిందంటారా, వచ్చే వారం అతనికి ఎంత గుర్తుందో ఎవరు చూశారు? అతని సంగతి వదిలేయండి.

ఇంట్లోవాళ్లకు కూడా ఒక్కసారి సూటిగా చెప్పండి, "ఆ మాట నన్ను వెనక్కి లాగుతోంది, అనొద్దు" అని. నవ్వుతూ అన్నా గుచ్చుకునేది గుచ్చుకుంటుంది.

ప్రశ్న: "ఆలస్యం అమృతం విషం" అంటారు. "నిదానమే ప్రధానం" అనీ అంటారు. నాన్నగారు మొదటిది, మామయ్యగారు రెండోది. ఉద్యోగం మారాలా వద్దా అని అడిగితే ఇద్దరూ చెరో సామెత చెప్పారు. ఏది నిజం?

రెండూ నిజమే. సామెతలు ఒక్కొక్కటి ఒక్కో సందర్భంలో పుట్టినవి. సందర్భం రాలిపోయి మాట మిగిలింది. అందుకే జంటలు జంటలుగా ఒకదానికొకటి ఎదురు నిలబడి కనిపిస్తాయి.

ఒక సంగతి మాత్రం గమనించండి. చెవికి ఇంపుగా ఉన్న మాట నిజంలా అనిపిస్తుంది. "నిదానమే ప్రధానం" అనడంలో ఒక తూగు ఉంది. "మెల్లగా చేస్తే మంచిది" అంటే ఎవరూ తలాడించరు. అమెరికాలో ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 2000లో దీన్నే పరీక్షించిన వ్యాసం ప్రచురించారు. ప్రాస ఉన్న సూక్తులు కొన్ని, అదే అర్థాన్ని ప్రాస లేకుండా మార్చి రాసినవి కొన్ని ఇచ్చి, ఇవి మనుషుల తీరును ఎంత సరిగ్గా చెబుతున్నాయి అని అడిగారు. ప్రాస ఉన్నవే ఎక్కువ నిజమన్నారు చదివినవాళ్లు. చెప్పిన తీరును, చెప్పిన విషయాన్ని విడదీసి చూడమని ముందుగా హెచ్చరించినప్పుడు ఆ తేడా బాగా తగ్గింది. మీరూ ఆ పని చేయండి. ఇద్దరు పెద్దలు చెప్పినదాన్ని తూగు తీసేసి మామూలు మాటల్లో రాసుకోండి. "ఇప్పుడే చేరకపోతే ఆ సీటు పోతుంది." "ఆ కంపెనీ సంగతి పూర్తిగా తెలియకుండా చేరొద్దు." అప్పుడు అవి మీరు కనుక్కోగల విషయాలవుతాయి. ఆఖరు తేదీ ఎప్పుడు? అక్కడ పనిచేసి మానేసినవాళ్లు ఏమంటున్నారు?

మా వృత్తిలో ఒక లెక్క ఉండేది. నేను అచ్చాఫీసుల్లో ప్రూఫులు దిద్దే పనిలో ఉద్యోగకాలమంతా గడిపాను. గేలీ ప్రూఫ్, అంటే పేజీలుగా కట్టకముందు తీసే మొదటి నకలు, వేగంగా చూసి పంపేయొచ్చు, తర్వాత పేజీ ప్రూఫ్ ఉంది కాబట్టి. ఇక అచ్చు వేయండని చెప్పే ప్రింట్ ఆర్డర్ మీద సంతకం పెట్టేటప్పుడు మాత్రం మెషిన్ ఆగి ఎదురుచూస్తున్నా సరే, తొందరపడకూడదు. ఆ తర్వాత దిద్దడానికి ఏమీ ఉండదు. వెనక్కి తీసుకోగల పని అయితే మీ నాన్నగారి మాట, వెనక్కి తీసుకోలేనిది అయితే మీ మామయ్యగారి మాట. ఇంటర్వ్యూకి వెళ్లడం మొదటి రకం. ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వడం రెండో రకం. వెళ్లిరండి, రాజీనామా సంగతి తర్వాత చూద్దాం.

ప్రశ్న: మేడమ్, అందరి మాటలూ దిద్దుతున్నారు. మీకు బాగా ఇష్టమైన మాట ఏది? అది మీకు ఎలా పనికొచ్చింది?

"చదవకు, చూడు."

ఇది ఏ పుస్తకంలోదీ కాదు. నేను పనిలో చేరిన కొత్తలో మా సీనియర్ ఒకాయన అన్న మాట. ఆయన ప్రూఫ్ కాగితం మీద స్కేలు అడ్డంగా పెట్టేవారు, కింది వరస కనిపించకుండా. పెన్సిల్ మొనను ఒక్కో అక్షరం కింద ఆపుతూ పోయేవారు. నేను గడగడా చదువుతుంటే ఆపి ఆ రెండు మాటలూ అనేవారు. చదువుతున్నప్పుడు అర్థం మనల్ని లాక్కుపోతుంది. అక్కడ ఏముందో చూడం, ఏముండాలో అదే కంటికి కనిపిస్తుంది. ఒత్తు జారిపోయినా, గుడి ఉండాల్సిన చోట గుడిదీర్ఘం పడినా, "బ"కు బదులు "భ" ఉన్నా మనసు తనంతట తాను సరిచేసుకుని ముందుకు పోతుంది. చిన్న అక్షరాల్లో ఉన్న పేరా అందరూ జాగ్రత్తగా చూస్తారు. పెద్ద అక్షరాల శీర్షికలో తప్పు అలాగే ఉండిపోతుంది, ఇంత పెద్దది తప్పెలా అవుతుందిలే అన్న ధీమాతో. అంకెలైతే మరీనూ. వాక్యంలో మాట తప్పితే అర్థం చెడి పట్టిస్తుంది. 1956 కాస్తా 1965 అయితే వాక్యానికి ఏ నొప్పీ ఉండదు.

ఆ మాట అచ్చుపనితో ఆగలేదు. ఈ శీర్షిక రాయడం మొదలుపెట్టాక మరీ తెలిసింది దాని విలువ. ఒక ఉత్తరం రెండు వాక్యాలు చదవగానే "ఆ, అత్తాకోడళ్ల గొడవ" అని మనసు పేరు పెట్టేస్తుంది. అక్కడ ఆగి, ఈ మనిషి నిజంగా ఏ మాటలు రాసింది అని మళ్లీ మొదటినుంచి చూస్తాను. చాలాసార్లు గొడవ అత్తగారితో కాదు, మాట్లాడకుండా కూర్చున్న భర్తతో. మనుషుల్ని కూడా మనం చదివేస్తుంటాం. వాళ్లు ఇలాంటివాళ్లని ముందే తెలిసినట్టు. ఇంట్లో బాగా దగ్గరివాళ్ల విషయంలోనే ఇది ఎక్కువ.

నాకు ఈ మాట మీద ఇంత మమకారం ఎందుకంటే, ఇది నన్ను పొగడదు, ఓదార్చదు. చేతికి పని చెబుతుంది. స్కేలు ఎక్కడ పెట్టాలో చెబుతుంది.

ప్రశ్న: నేను పోటీ పరీక్షలకు ప్రిపేర్ అవుతున్నాను. రోజూ పొద్దున్నే స్టేటస్‌లో ఒక మోటివేషన్ కొటేషన్ పెడతాను. చదివినప్పుడు ఒంట్లో కరెంటు పాకినట్టు ఉంటుంది. గంటలో దిగిపోతుంది. లోపం నాదా, కొటేషన్లదా?

లోపం ఎవరిదీ కాదు నాయనా. రోజుకో కొత్త మాట తెస్తున్నావు, ఏ మాటకూ నీ దగ్గర పని చూపించడం లేదు. ఉత్సాహం మంచిదే, కానీ దానికి ఆనుకుని ఒక పని లేకపోతే అది అక్కడే ఆవిరవుతుంది.

పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చాలాకాలం పరిశోధించిన విషయం ఒకటి ఉంది. "బాగా చదవాలి" అని సంకల్పం చెప్పుకున్నవాళ్ల కంటే "ఫలానాది జరిగినప్పుడు నేను ఫలానాది చేస్తాను" అని ముందే ముడి వేసుకున్నవాళ్లు అనుకున్నది ఎక్కువగా పూర్తి చేస్తారు. కాబట్టి ఒకే ఒక్క మాట ఎంచుకో. "సాధనమున పనులు సమకూరు" అనే పెట్టుకున్నావనుకో, దాని కింద ఇంకో వాక్యం నువ్వే రాయాలి. "రాత్రి భోజనం అయి కంచం తీయగానే, ఫోన్ ముట్టుకోకుండా, నిన్న తప్పు చేసిన లెక్కలు మళ్లీ చేస్తాను." సూక్తి పైన, నీ వాక్యం కింద. నెలపాటు మార్చకు. స్టేటస్‌లో పెట్టకు కూడా. పదిమంది లైకు కొట్టేసరికి పని అయిపోయినంత తృప్తి వచ్చేస్తుంది.

ఇంకో విషయం, ప్రూఫ్ రీడర్ని కాబట్టి చెప్పకుండా ఉండలేను. ఆ కొటేషన్ల కింద వేసే పేర్లను నమ్మొద్దు. "ఒకే పని మళ్లీ మళ్లీ చేస్తూ వేరే ఫలితం ఆశించడం పిచ్చితనం" అన్న మాట ఐన్‌స్టీన్ పేరుతో తిరుగుతుంటుంది. ఆయన అన్నట్టు ఎక్కడా ఆధారం లేదు. పేరు చూసి కాకుండా, నీ మీద ఆ మాట ఏం పని చేస్తోందో చూసి ఉంచుకో.

ప్రశ్న: మా మేనేజర్ ఎప్పుడూ "పని చేసేవాడికే పని చెబుతారు" అంటూ పక్కవాళ్ల పని కూడా నాకే ఇస్తారు. మొదట్లో గర్వంగా ఉండేది. ఇప్పుడు అలసిపోయాను.

ఒక మాట విన్నప్పుడు, దానివల్ల ఎవరి బరువు తగ్గుతోంది అని చూడండి. ఇక్కడ తగ్గుతున్నది పక్కవాళ్లది, వాళ్లతో గట్టిగా మాట్లాడాల్సిన మీ మేనేజర్‌ది. ఈసారి పని ఇచ్చినప్పుడు చేతిలో ఉన్న పనుల లిస్టు చూపించి, "ఇది చేయాలంటే వీటిలో ఏది ఆపమంటారు సార్?" అని అడగండి. కోపంగా వద్దు, మామూలుగానే. సామెతకు సామెత చెప్పొద్దు.

ప్రశ్న: మా అమ్మ పోయి మూడు నెలలైంది. పలకరించడానికి వచ్చినవాళ్లలో చాలామంది "అంతా మన మంచికే అనుకోవాలమ్మా" అన్నారు. అది మా అమ్మకు బాగా ఇష్టమైన మాట. ఏ కష్టం వచ్చినా అదే అనేది. ఇప్పుడు ఆ మాట వింటే ఒళ్లు మండిపోతోంది. అమ్మ మాటనే అసహ్యించుకుంటున్నానా అని రాత్రిళ్లు ఏడుస్తున్నాను.

లేదమ్మా. మీరు అసహ్యించుకుంటున్నది అమ్మ మాటను కాదు. మీ అమ్మగారు ఆ మాట అన్నది తన కష్టాల గురించి. తన కష్టం తాను మోస్తూ, మోసే ఓపిక కోసం తనకు తాను చెప్పుకున్నారు. ఆ హక్కు ఆవిడది. అదే మాటను ఇంకొకరు మీ కష్టం మీద పెడితే అర్థం తిరగబడుతుంది. ఇక ఏడవొద్దు, విషయం ముగిసింది అన్నట్టు అవుతుంది. మీ ఒళ్లు మండటంలో తప్పేమీ లేదు. అమ్మ పోవడం ఎవరి మంచికీ కాదు.

ఆ మాటను ఇప్పుడు మీరు అనక్కర్లేదు. ఇంకెప్పటికీ అనకపోయినా ఫర్వాలేదు. అమ్మ ఎప్పుడెప్పుడు ఆ మాట అన్నారో, అప్పుడు ఇంట్లో ఏం జరుగుతోందో గుర్తొచ్చినవి ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. ఆవిడ ఎన్ని మోశారో అందులో ఉంటుంది. రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం ఇలాగే ఉంటే డాక్టర్‌కు చూపించుకోండి, దానికి మొహమాటం వద్దు.

ఈ ఉత్తరం చదువుతున్న మిగతావాళ్లకు ఒక మనవి. పలకరింపుకు వెళ్లినప్పుడు సామెతలు వద్దు. పోయినవాళ్లు మీకు ఎప్పుడు ఏ సాయం చేశారో, ఏం మాట్లాడారో ఒక్క సంగతి చెప్పండి. ఆ ఇంట్లోవాళ్లకు తెలియని సంగతి అయితే ఇంకా మేలు. ఏమీ గుర్తు రాకపోతే కాసేపు పక్కన కూర్చుని రండి.

ప్రశ్న: ఒకప్పుడు "ఇంట గెలిచి రచ్చ గెలువు" నా మాట. ఇప్పుడు అది పట్టదు, "ఓర్చినమ్మకు తేటనీరు" అంటున్నాను. నాకు నిలకడ లేదా?

ఉంది. మీ వయసుతో పాటు మీ పని మారింది, మాటా మారింది. ఫ్రాన్స్‌లో మోంటేన్ అనే రచయిత 1571లో కొలువు వదిలేసి తన ఇంటి బురుజులో పుస్తకాల గది ఏర్పాటు చేసుకున్నాడు. దాని పైకప్పు దూలాల మీద గ్రీకు, లాటిన్ సూక్తులు రాయించుకున్నాడు. ఆ దూలాలు ఇప్పటికీ ఉన్నాయి. కొన్నిచోట్ల పాత వాక్యం మీద కొత్త వాక్యం రాయించిన ఆనవాళ్లు కనిపిస్తాయి. సూక్తుల మధ్య కూర్చుని ఆలోచించడమే పనిగా పెట్టుకున్న మనిషే మార్చుకున్నాడు.

ప్రశ్న: నేను హైస్కూలు టీచర్ని. రోజూ బోర్డు మీద ఒక సూక్తి రాస్తాను, పిల్లలు కాపీలో దించుకుంటారు. అంతే, దాని గురించి ఒక్కరూ మాట్లాడరు. ఈ అలవాటు మానేయాలా?

మానొద్దు, రోజుకొకటి బదులు వారానికొకటి రాయండి. సోమవారం రాసి, అర్థం మీరు చెప్పకండి. "ఈ మాట ఎప్పుడు పనికిరాదు?" అని అడగండి. ఈ ప్రశ్నకు పిల్లలు లేచి కూర్చుంటారు, ఎందుకంటే పెద్దల మాటకు ఎదురు చెప్పే అవకాశం వాళ్లకు ఎవరూ ఇవ్వరు. "ఓర్చినమ్మకు తేటనీరు" రాస్తే, ఎవరో ఒకరు "రోజూ కొడుతున్నవాణ్ణి కూడా ఓర్చుకోవాలా టీచర్?" అంటారు. అనాలి. అలా అన్న పిల్లను క్లాసు అయ్యాక విడిగా పిలిచి మాట్లాడండి, ఆ ప్రశ్న వెనక ఏదైనా ఉండొచ్చు.

శుక్రవారం నాడు ఆ మాట సరిపోయిన ఒక సంగతి గానీ, సరిపోని సంగతి గానీ, నాలుగు వాక్యాల్లో రాసి తెమ్మనండి. ఇంట్లో, ఆటలో, బస్సులో ఎక్కడ చూసిందైనా సరే. అచ్చుతప్పులకు మార్కులు తీయకండి. వాటిలో మీకు నచ్చినవి ఒక నాలుగైదు, పిల్లల పేర్లు లేకుండా ఈ శీర్షికకు పంపండి. వచ్చే సంచికల్లో వేస్తాం.